పలక మీది పేరుకు న్యాయం

హోసూరులో, నమూనా ఐక్యరాజ్య సమితి సభలకు తొలిసారిగా బెంగళూరు వెళ్లబోతున్న తెలుగు విద్యార్థులను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠం

 

మోడల్ యు.ఎన్. అన్న మాట విద్యార్థులకు కొంత తెలిసినా పెద్దలకు కొత్త. అందుచేత రెండు మాటల్లో చెప్పి ముందుకు సాగుతాను. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క దేశానికి ప్రతినిధిగా కూర్చొని, ఐక్యరాజ్య సమితిలో జరిగినట్లే వాదించి, బేరమాడి, తీర్మానం రాసి, ఓటు వేసే అభ్యాసం ఇది. సమితి పుట్టక ముందే, 1920లలో, నానాజాతి సమితికి నమూనాలుగా అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇటువంటివి మొదలయ్యాయి. మన దేశంలో ఇదే కోవకు చెందిన యువజన పార్లమెంటు పోటీలు 1966 నుంచి ఢిల్లీ పాఠశాలల్లో ఆరంభమయ్యాయి. నమూనా సమితి మాత్రం పెద్ద ఫీజుల బడి పిల్లల వేడుక అన్న పేరు పడింది. అధ్యక్ష స్థానం పక్కన కూర్చొని కొన్ని సభలను చూసినవాడిగా ఆ పేరులో నిజం లేకపోలేదని ఒప్పుకొంటాను. మీరు వెళ్లాలని పట్టుబట్టడానికి అదే కారణం.

సభకు కొన్ని వారాల ముందు మీకు ఒక దేశం పేరు, ఒక చర్చనీయాంశం పంపుతారు. ఉదాహరణకు మీలో ఒకరికి 47 సభ్యదేశాల మానవ హక్కుల మండలిలో స్థానం వచ్చిందనుకొందాం. అంశం భాషా అల్పసంఖ్యాకుల హక్కులు. దేశం ఫ్రాన్స్. ఈ ఉదాహరణను కావాలనే ఎంచుకొన్నాను. హోసూరు తెలుగు బిడ్డకు ఇంతకంటె ఇబ్బందికరమైన పలక మరొకటి దొరకదు.

ఎందుకో చెప్తాను. పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక 1966లో వచ్చింది. అందులోని 27వ అధికరణం, జాతి, మత, భాషా అల్పసంఖ్యాకులు ఉన్న దేశాల్లో వారు తమ సంస్కృతిని, మతాన్ని, భాషను అనుభవించే హక్కును కాదనరాదని చెప్తుంది. ఫ్రాన్స్ 1980లో ఆ ఒడంబడికలో చేరుతూనే, మా రాజ్యాంగాన్ని బట్టి ఈ 27వ అధికరణం మాకు వర్తించదని ప్రకటించింది. బ్రెటన్, బాస్క్, కోర్సికన్ వంటి భాషలు మాట్లాడే జనం ఆ దేశంలో ఉన్నారు. అయినా అక్కడి రాజ్యాంగ దృష్టిలో పౌరులు ఉన్నారే తప్ప సమూహాలు లేవు. పౌరులందరూ సమానులు కనుక ఒక గుంపుకు వేరుగా హక్కు ఇస్తే ఆ సమానత్వం చెదురుతుందని వారి వాదం. ప్రాంతీయ, అల్పసంఖ్యాక భాషల ఐరోపా పత్రంపై 1999లో సంతకమైతే చేశారు గాని, అది రాజ్యాంగానికి విరుద్ధమని అదే ఏడు అక్కడి రాజ్యాంగ మండలి తేల్చడంతో ఆమోదముద్ర పడలేదు. 2008లో మాత్రం ప్రాంతీయ భాషలు ఫ్రాన్స్ వారసత్వంలో భాగమని రాజ్యాంగంలో ఒక వాక్యం చేర్చారు.

ఈ నాలుగు సంవత్సరాలు, 1966, 1980, 1999, 2008, చేతిలో ఉంటే మీ దేశం ఎక్కడ నిలబడుతుందో, ఎంతవరకు వంగగలదో తెలిసినట్లే. సన్నాహం అంటే ఇదే. దేశ జనాభా, రాజధాని, జెండా రంగులు బట్టీపట్టడం సన్నాహం కాదు. ఆ దేశం ఏ ఒప్పందంపై సంతకం పెట్టింది, దేనికి మినహాయింపు కోరింది, ఎప్పుడు ఎటు ఓటు వేసింది అన్నవి వెతకండి. సమితి దస్త్రాలు చాలావరకు అందరికీ అందుబాటులోనే ఉన్నాయి. కృత్రిమ మేధను అడిగి క్షణాల్లో ప్రసంగం రాయించుకొని వచ్చేవారిని ఇప్పుడు చూస్తున్నాము. పక్క దేశం వేసే మొదటి ప్రశ్నకే వారి గొంతు ఆరిపోతుంది.

ఇక ఇబ్బంది సంగతి. బడిలో తెలుగు పీరియడు కోసం మన పెద్దలు ఎన్ని గడపలు ఎక్కి దిగారో మీకు తెలుసు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత మన ఇళ్లలో జరిగిన చర్చలు మీరు విన్నవే. అటువంటి బిడ్డ ఫ్రాన్స్ పలక ముందు కూర్చొని, లేచి, మాతృభాష జన్మహక్కని గర్జిస్తే గదిలో చప్పట్లు మోగవచ్చు. కాని అది ఫ్రాన్స్ మాట కాదు. మీకు అప్పగించిన గొంతును మీరు పక్కన పెట్టేశారన్న మాట.

మనకు ఇది కొత్త విషయం కాదు. భారతంలోని ఉద్యోగపర్వం నిండా రాయబారాలే. సంజయుడు ధృతరాష్ట్రుని పక్షాన పాండవుల వద్దకు వెళ్లాడు. రాజు చేస్తున్నది సరికాదని అతనికి తెలియదా? తెలుసు. అయినా ఉపప్లావ్యంలో అతడు పలికింది రాజు మాట. తిరిగివచ్చిన తరువాత రాజుతో తన మాట నిష్ఠురంగానే చెప్పాడు. ధర్మరాజు గుడి ముందు ఆడే భారత నాటకంలో దుర్యోధన వేషం కట్టినవాడు, నేను మంచివాణ్ణే సుమా అని మధ్యలో జనానికి సంజాయిషీ ఇచ్చుకోడు. మీసం మెలేసి పద్యం పాడుతాడు. మీరు చేయవలసిందీ అదే.

మరి మన మాట ఎవరు చెప్తారు అని అడగవచ్చు. ఆ మాట చెప్పే దేశాలు ఆ గదిలో వేరే ఉంటాయి, వారి పని వారు చేస్తారు. మీకు దక్కేది మరొకటి ఉంది. సమానత్వం పేరుతోనే చిన్న భాషకు చోటు లేదనగల వాదాన్ని మీరు లోపలి నుంచి తెలుసుకొంటారు. రేపు మన రాజ్యాంగంలోని 350ఎ అధికరణాన్ని, అంటే ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించాలన్న నిబంధనను చూపుతూ ఒక విజ్ఞాపన రాయవలసి వస్తే, బల్లకు అవతల కూర్చొన్న అధికారి ఏమంటాడో మీకు ముందే తెలిసి ఉంటుంది. మన విజ్ఞాపనలు అనేకం మన ఆవేదనతో నిండి ఉంటాయే గాని అవతలివారి అభ్యంతరానికి జవాబు వాటిలో ఉండదు. ఏళ్ల తరబడి వాటిని చదివినవాడిగా చెప్తున్నాను.

తీర్మానం రాయడం గురించి. సమితి తీర్మానం ఎన్ని పుటలున్నా ఒకే వాక్యం. మొదట పీఠిక, తరువాత అంకెలు వేసిన కార్యభాగం, అన్నిటికీ చివర ఒకే ఒక పూర్ణవిరామం. ఇంగ్లీషులో రాసేవారు పీఠికలోని ప్రతి భాగాన్నీ ఒక క్రియతో మొదలుపెట్టాలని తంటాలు పడతారు. మన భాషలో అసమాపక క్రియ ఆ పనిని సహజంగా చేస్తుంది. అల్పసంఖ్యాకుల హక్కులపై 1992 డిసెంబరు 18 నాటి ప్రకటనను గుర్తుచేసుకొంటూ, తల్లిభాషలో చదువు అందని పిల్లల స్థితికి ఆందోళన చెందుతూ, సభ్యదేశాలను ఫలానా పని చేయవలసిందిగా కోరుతున్నది. చూశారా, ఎక్కడా బిగుతు లేదు. ముసాయిదా ఆలోచనను ముందుగా తెలుగులో రాసుకోండి, ఆ తరువాత ఇంగ్లీషులోకి మార్చండి. ఆలోచన తేలికగా ఉంటే మార్చడం తేలిక. అయితే ఇంట్లో పూర్తిగా రాసిన ముసాయిదాను సభలో తీసి పెట్టడం చాలా చోట్ల నిషిద్ధం. మీ వెంట ఉండవలసింది ఆలోచనే.

క్రియను ఎంచుకోవడంలో ఒక జాగ్రత్త. సర్వప్రతినిధి సభ గాని, మానవ హక్కుల మండలి గాని దేశాలను ఆదేశించలేవు. కోరుతాయి, ప్రోత్సహిస్తాయి, ఖండిస్తాయి. సభ్యదేశాలు శిరసావహించవలసిన నిర్ణయాలు చేసే అధికారం భద్రతా మండలిది. కొత్తవారి ముసాయిదాల్లో ఆంక్షలు విధిస్తున్నది అన్న మాట తరచుగా కనబడుతుంది. దానిని చూడగానే అధ్యక్షులు కలం పక్కన పెడతారు.

సభా మర్యాదలు చాలా ఉన్నా అన్నీ ఏకరువు పెట్టను, నియమాల పుస్తకం మీకు ఇస్తారు. నేను అన్న మాట వాడరాదు, ఫ్రాన్స్ భావిస్తున్నది అనాలి. ఎదుటి ప్రతినిధితో నేరుగా కాక అధ్యక్షుల ద్వారా మాట్లాడాలి. హాజరు పిలిచినప్పుడు ప్రెజెంట్ అండ్ ఓటింగ్ అన్నవారు తరువాత తటస్థంగా ఉండడానికి వీలులేదు, కనుక ఆలోచించి పలకాలి. పాయింట్ ఆఫ్ ఆర్డర్ అనేది సభా నియమం తప్పినప్పుడు లేవనెత్తేది. ఎదుటివారి మాట నచ్చకపోతే వాడే ఆయుధం కాదు. దేశాన్ని అది ఎంచుకొన్న పేరుతోనే పిలవాలి. స్వాజీలాండ్ 2018లో ఎస్వాతిని అయింది, టర్కీ 2022 నుంచి సమితిలో తుర్కియే. మన ఊళ్ల పేర్లు బోర్డులపై వంకరగా కనబడితే మనకు ఎలా ఉంటుందో వారికీ అలాగే ఉంటుంది.

అసలు పని నిర్విరామ ప్రసంగాల్లో జరగదు. అధ్యక్షులు విరామం ఇచ్చి అందరినీ లేచి తిరగనిచ్చే సమయం ఒకటి ఉంటుంది, దానిని అన్‌మోడరేటెడ్ కాకస్ అంటారు. అక్కడ గొంతు పెద్దదైనవారి చుట్టూ గుంపు చేరుతుంది. మీరు కాగితం, కలం పట్టుకొని ఎవరు ఏ మాటకు ఒప్పుకొన్నారో రాస్తూ ఉండండి. సాయంత్రానికి ఆ కాగితమే ముసాయిదా అవుతుంది.

ఇంగ్లీషు భయం గురించి చెప్పకుండా దిగిపోతే మీరు నన్ను క్షమించరు. ఒక సభలో, పేరు అనవసరం, పల్లె నుంచి వచ్చిన అమ్మాయి ఉచ్చారణకు అధ్యక్ష స్థానంలోని కుర్రవాడే నవ్వడం నా కంటితో చూశాను. అది సభామర్యాదను తుంగలో తొక్కడమే. అటువంటి వేళ, వినయంగా, పాయింట్ ఆఫ్ పర్సనల్ ప్రివిలేజ్ అని పలక ఎత్తవచ్చు. అందుకే ఆ నియమం ఉన్నది. నిజమైన సమితికి అధికార భాషలు ఆరు. అయినా సర్వప్రతినిధి సభ నియమావళిలోని 53వ నియమం ప్రకారం, అనువాదం ఏర్పాటు తామే చేసుకొంటే ప్రతినిధులు వేరే భాషలోనూ మాట్లాడవచ్చు. 1974లో షేక్ ముజిబుర్ రహమాన్ బెంగాలీలో, 1977లో విదేశాంగ మంత్రిగా అటల్ బిహారీ వాజపేయి హిందీలో మాట్లాడారు. మీ సభలో ఇంగ్లీషే నడుస్తుంది, అందులో సందేహం లేదు. ఒక నిమిషం గడువులో నింపాదిగా పలికితే నూట పాతిక మాటలు పడతాయి. ఆ నూట పాతికను పదిసార్లు పైకి చదివి వెళ్లండి, చాలు.

దుస్తుల గురించి తల్లులు అడుగుతున్నారు. కోటు, టై కొనవలసిన పని లేదు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, ప్యాంటు, ఆడపిల్లలకు చుడీదారు లేదా చీర నిండుగా సరిపోతాయి. గుర్తింపు కార్డు, నియమావళి, తెల్ల కాగితాలు, రెండు కలాలు సంచిలో పెట్టండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. ముందు వరుసలో అట్ట పలకలు ఉన్నాయి, తలా ఒకటి తీసుకొని మీ దేశం పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాయండి. పలక ఎత్తినవారికే మాట. ఒక్కొక్కరికి ఒక నిమిషం. గడియారం మాస్టారి చేతిలో ఉంది.