తీపి వేరు, చక్కెర వేరు
(ఉగాది సన్నాహ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది విందు గూర్చి ఆలోచించడానికి కార్యవర్గం కూర్చున్ననాడు మన యువకులలో ఒకరు ఒక సూచన చేశారు. ఈసారి పచ్చడిలో బెల్లం మానివేసి, చక్కెరకు బదులుగా అమ్మే పొడి కలుపుదామనీ, బొబ్బట్లు కూడా ఆ పొడితోనే చేయిద్దామనీ, అన్నానికి బదులు కాలీఫ్లవర్ తురుము ఉడికించి వడ్డిద్దామనీ ఆ సూచన. కొందరు నవ్వారు. కొందరు చప్పట్లు కొట్టారు. నేను నవ్వలేకపోయాను, చప్పట్లూ కొట్టలేకపోయాను. దానికి కారణం ఉన్నది, తరువాత మనవి చేస్తాను. "అయితే ఈ విషయమేదో నీవే చదివి వచ్చి చెప్పు" అని అధ్యక్షులవారు ఆ బరువు నా నెత్తిన పెట్టారు.

నేను వైద్యుణ్ణి కాను. మెట్రిక్‌తో చదువు ఆపి, రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకుంటున్నవాణ్ణి. ఒక పద్దులో వ్రాయవలసినది మరొక పద్దులో పడకుండా చూడటమే నాకు తెలిసిన విద్య. ఈ వ్యవహారంలో మనవాళ్ళు చేస్తున్న పొరపాటు కూడా సరిగ్గా అదే అనిపించింది. నాలుకకు తగిలే తీపి ఒక పద్దు. రక్తంలో చేరే చక్కెర ఇంకొక పద్దు. రెంటినీ కలిపి ఒకే కూడిక వేసుకుంటున్నాము.

ఈ బదులు తీపులలో పేరుమోసినవి చాలావరకు వెతికితే దొరికినవి కావు. 1879లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫాల్‌బెర్గ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చేతులు సరిగా కడుక్కోకుండా భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. అదే సాకరిన్. 1965లో ష్లాటర్ అనే ఆయన కాగితం తీయబోతూ వేలు నాలుకకు తడి చేసుకున్నాడు, ఆస్పర్టేమ్ బయటపడింది. (మా ఆఫీసులో ఆ పని మేము రోజూ చేస్తాము. ఇంతవరకు సిరా రుచి తప్ప ఏదీ దొరకలేదు.) 1976లో లండనులో శశికాంత్ ఫడ్నిస్ అనే మన దేశస్థుణ్ణి పైవారు ఒక పదార్థాన్ని "టెస్ట్" చేయమంటే ఆయనకు "టేస్ట్" అని వినబడిందట. నాలుక మీద వేసుకున్నాడు. చక్కెరకన్న సుమారు 600 రెట్లు తీపి. సూక్రలోజ్ అట్లా పుట్టింది.

600 రెట్లు తీపి కనుక చిటికెలో కొద్ది భాగమే చాలు. అందుకే దానివల్ల శరీరానికి శక్తి రాదు, రక్తంలో చక్కెర పెరగదు. కాఫీలో వేసుకునేవారికి ఇంతకన్న కావలసినది లేదు. చిక్కంతా బొబ్బట్టు దగ్గర వస్తుంది. బొబ్బట్టులో బెల్లం తీపి ఒక్కటే ఇవ్వదు. పూర్ణానికి బరువూ, పాకమూ, రంగూ, వాసనా అన్నీ అదే ఇస్తుంది. ఆస్పర్టేమ్‌ను పెనం మీద కాలిస్తే తీపి పోతుంది. సూక్రలోజ్ వేడికి నిలుస్తుంది కాని, అంత చిన్న మోతాదును కొలవలేము గనుక చెంచాతో కొలిచే పొడులలో పరిమాణం కోసం మాల్టోడెక్స్‌ట్రిన్ వంటిది కలుపుతారు. అదీ పిండిపదార్థమే. అంతకన్న ముఖ్యం, బెల్లం తీసివేసినా మైదా అక్కడే ఉంటుంది, శనగపప్పు అక్కడే ఉంటుంది. "చక్కెర లేదు" అని పొట్లం మీద ఉన్నదంటే పిండి లేదని అర్థం కాదు సుమా! ఆ మాట నమ్మి మా ఆఫీసులో ఒకాయన మధుమేహం ఉండి కూడా సాయంత్రానికి ఒక బిస్కెట్టు పొట్లం పూర్తిచేస్తాడు. కొన్నిటిలో మాల్టిటాల్ వంటివి వేస్తారు. ఎక్కువ తింటే కడుపు జారుతుంది.

బెల్లం మంచిది, చక్కెర చెడ్డది అనే పెద్దలకు కూడా ఒక మాట. బెల్లంలో నూటికి ఎనభై పాళ్ళకు పైగా చక్కెర జాతి పదార్థమే. రక్తానికి ఆ రెండూ ఒకే ఊరివాళ్ళు.

ఈ తీపులు తింటే సన్నబడతామా అన్న ప్రశ్నకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో సమాధానం చెప్పింది. బరువు అదుపు కోసం వీటిని వాడవద్దని, దీర్ఘకాలంలో వీటివల్ల ఒంటి కొవ్వు తగ్గుతున్నట్టు కనబడలేదని దాని సలహా. అప్పటికే మధుమేహం ఉన్నవారికి ఈ సలహా వర్తించదని కూడా అందులోనే ఉన్నది. వార్తలలో ఆ వాక్యం జారిపోయింది. అదే ఏడు జూలైలో ఆస్పర్టేమ్ క్యాన్సరుకు కారణం "కావచ్చు" అన్న జాబితాలో చేరింది. దాంతోపాటే, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాములు అన్న పాత హద్దును మార్చనక్కరలేదని కూడా చెప్పారు. ఆ హద్దు దాటాలంటే 70 కిలోల మనిషి రోజుకు 9 నుంచి 14 డబ్బాలకు పైగా డైట్ పానీయం తాగాలి. అంత తాగేవాడికి క్యాన్సరుకన్న ముందు ఇంకేవో వస్తాయి.

ఇక అన్నం మానివేయడం. ఇదీ కొత్తది కాదు. 1863లో లండనులో బాంటింగ్ అనే స్థూలకాయుడు రొట్టె, చక్కెర, బంగాళాదుంప మానివేసి సన్నబడి, ఆ సంగతి పుస్తకం వేశాడు. మన ఆంధ్రదేశంలో 2017, 2018 ప్రాంతాలలో వీరమాచనేని రామకృష్ణగారి ఉపన్యాసాలతో కొబ్బరినూనె, నిమ్మకాయలు ఇంటింటి మాట అయినవి. ఈ కన్నడ దేశంలోనేమో మన ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీగారు కొర్రలు, అండుకొర్రలు మళ్ళీ వంటింటికి తెచ్చారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రెండూ ఒకటేనని మనలో చాలామంది అనుకుంటారు. కావు. నూనె మార్గం పిండిపదార్థాన్ని తీసివేస్తుంది. చిరుధాన్యం దాన్ని ఉంచి, పీచు చేర్చి, అరుగుదలను నిదానం చేస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి 2017 పట్టికలో 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు, రాగులలో 67. పీచు మాత్రం బియ్యంలో మూడు గ్రాములకు లోపు, రాగులలో పదకొండు. కనుక ముద్ద మంచిదే కాని, మంచిదని మూడు ముద్దలు తింటే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

మన దేశస్థులు తినే తిండిలో శక్తి నూటికి 62 పాళ్ళు పిండిపదార్థం నుంచే వస్తున్నదని వైద్య పరిశోధన మండలివారి సర్వే 2025లో తేల్చింది. ఆ సర్వేయే 2023లో దేశంలో మధుమేహులు పది కోట్ల పది లక్షలని చెప్పింది. రోజంతా కుర్చీలో కూర్చునే మనబోటివాళ్ళకు పళ్ళెంలో అన్నం తగ్గించి, పప్పు, పెరుగు, గుడ్డు, ఇక్కడ చలికాలంలో దండిగా దొరికే అనపగింజలు పెంచుకోవడం మంచిదే. జిమ్‌కు పోయే పిల్లలను ఎగతాళి చేయడం నాకిష్టం లేదు. వాళ్ళు చెప్పేదానిలో సగం నిజమే.

మిగిలిన సగం కోసమే మా ఇంటి సంగతి చెప్పవలసి వస్తున్నది.

హిందూపురంలో మా అన్న ఆరేళ్ళుగా మధుమేహానికి గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటున్నాడు. ఆ మాత్ర క్లోమం చేత ఇన్సులిన్ ఊరించి రక్తంలో చక్కెరను దింపుతుంది; మనిషి తిన్నాడా లేదా అని అది విచారించదు. నిరుటి ఎండాకాలంలో అన్నకు సన్నబడాలని పట్టుదల వచ్చింది. ఎవరి పద్ధతీ పాటించలేదు, అంతా సొంత తెలివి. అన్నం, సంగటి, చపాతి ఒక్కసారిగా మానేశాడు. మాత్ర మానలేదు. డాక్టరుగారితో చెప్పలేదు. ఇల్లంతా ఆయనతోపాటు దీక్ష పట్టి చక్కెర డబ్బా ఖాళీ చేసి, బెల్లం పనిమనిషికి ఇచ్చివేసి, తీపి మాత్రల సీసా తెచ్చిపెట్టుకున్నారు.

నేను వెళ్ళిన ఆదివారం పొద్దున నడకకు పోయి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు. నన్ను చూసి "బండి ఎన్నింటికి?" అని నాలుగుసార్లు అడిగాడు. చక్కెర పడిపోయిందని వదిన కనిపెట్టింది. పరుగున పోయి కాఫీ తెచ్చి, అలవాటు కొద్దీ రెండు తీపి మాత్రలు వేసి తాగించింది. తియ్యగానే ఉన్నది. పది నిమిషాలైనా మనిషి తేరుకోలేదు సరికదా, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎదురింట్లో రిటైరైన నర్సమ్మగారు వచ్చి గ్లాసు వాసన చూసి, "ఏ చక్కెర వేశావమ్మా?" అన్నది. వదిన సీసా చూపించింది. ఆవిడ ఇంకొక మాట అనకుండా తన ఇంటికి పరుగెత్తి చక్కెర డబ్బా తెచ్చింది. నీళ్ళలో నాలుగు చెంచాలు కలిపి, ఇంకా మింగగలుగుతున్నాడు గనుక, కొద్దికొద్దిగా పట్టించాము. పావుగంటకు నన్ను పేరు పెట్టి పిలిచాడు.

ఆ మాత్ర ప్రభావం ఒక పూటతో పోదట. మళ్ళీ పడిపోవచ్చునని రాత్రంతా ఆసుపత్రిలో ఉంచారు. డాక్టరుగారు మాత్ర సగానికి తగ్గించారు. "మానవద్దన్నానా? మానే ముందు నాతో ఒక్క మాట చెప్పవద్దా?" అన్నారు. అన్న ఇప్పుడూ తక్కువే తింటాడు, సన్నబడ్డాడు కూడా. జేబులో మాత్రం ఒక చక్కెర పొట్లం ఉంటుంది.

ఆనాడు కార్యవర్గంలో నేను నవ్వలేకపోయింది ఇందుకు. మన సంఘంలో ఇన్సులిన్ వేసుకునేవారు, అటువంటి మాత్ర వేసుకునేవారు ఎందరో పద్దు వ్రాసినవారు లేరు. పండుగనాడు పూజ అయ్యేదాకా పస్తుండి, మాత్ర వేసుకుని, పిండిపదార్థం లేని విందుకు కూర్చుంటే ఏమి కావాలి?

కనుక నా మనవి ఇది. పచ్చడిలో బెల్లం ఉండనివ్వండి. మనిషికి వచ్చేది ఒక చెంచా. అందులో బెల్లం ఎంతని? పచ్చడిలో వేపపువ్వు చేదుకు సాటి నిలవవలసింది కూడా అదే. బొబ్బట్లు బెల్లంతోనే చేయించి, సైజు సగం చేయించండి. వడపప్పు, ఇక్కడివారి కోసంబరి, రెండుసార్లు వడ్డించండి. అన్నం పక్కన కాలీఫ్లవర్ తురుమూ పెట్టండి, కోరినవారు తింటారు. కాఫీ దగ్గర తీపి మాత్రల సీసా ఉంచండి. దాని పక్కనే ఒక డబ్బా నిండా మామూలు చక్కెర ఉంచి, రెంటి మీదా పెద్ద అక్షరాలతో పేర్లు వ్రాయించండి. తెలుగులోనూ, కన్నడంలోనూ, వడ్డించే కుర్రవాళ్ళు ఇక్కడివాళ్ళు. కాగితాలు నేను వ్రాసి తెస్తాను.