మసిని వడకట్టు జల్లెడ

పెద్దలారా, సంక్రాంతికి పట్టణములనుండి మన దిండికి వచ్చు కార్లలో డీజిలు బండ్లును గలవు. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి దేశమంతట అమలులోనికి వచ్చిన భారత్ స్టేజ్ 6 నియమములను బట్టి, క్రొత్త డీజిలు కారు పొగగొట్టములో మసి నాపు వడపోత యొకటి యుండును. డి.పి.ఎఫ్. అని దాని వ్యవహారనామము. బిడ్డలు పట్టణమున నట్టి బండి నడపుచున్నవారు ఈ సంగతి వినదగును.

ఆ వడపోత పింగాణివంటి పదార్థముతో చేసిన తేనెపట్టును బోలియుండును. ఒక గదికి వెనుకవైపు, ప్రక్కగదికి ముందువైపు మూసియుండుటచే పొగ సూక్ష్మరంధ్రములు గల గోడలగుండ పోక తప్పదు. వాయువు పోవును, మసి నిలుచును. కాఫీ గుడ్డనైనచో మనము దులిపి యుతుకుదుము. ఇదియో, తనలోని మసిని తానే కాల్చుకొనవలయును.

అందులకు వేడి కావలయును. బండి దూరము ధాటిగా పోవునపుడు మసి కొంత తనంతట తరుగును. అది చాలనిచో ఇంజను కొంచెము డీజిలు నధికముగా చిమ్మి, వడపోతను 600 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమునకు వేడెక్కించి మసిని దహించును. ఇందులకు పది పదునైదు నిమిషములు, ఒక్కొక్కప్పుడు మిక్కిలియు పట్టును.

చిక్కంతయు నిచ్చటనే యున్నది. హైదరాబాదులో నాలుగు కిలోమీటర్లు పోయి నిలుపువానికి ఆ వేడి పుట్టదు. పుట్టినను పని నడుమ ఇంజను నాపి దిగిపోవును. ఇట్లు పలుమారు జరిగినచో వడపోత పూడుకొనుటయే గాక, చిమ్మిన డీజిలు జారి ఇంజను నూనెలో కలియును. నూనె తరుగకున్నదని సంతసించు అమాయకులు గలరు! మట్టము పెరిగి, జిగి చచ్చిన యా నూనె ఇంజనును తినివేయును.

ముందరి పలకమీద వడపోత దీపము వెలిగినచో, కారుతో నిచ్చిన పుస్తకము జూచి, అవుటర్ రింగు రోడ్డువంటి దారిని అరువది కిలోమీటర్లకు మించిన వేగముతో ఇరువది నిమిషములు ఆపక నడపవలయును. మన గట్టుదారు లిందుకు పనికిరావు. ఇచ్చట 216వ నంబరు జాతీయ రహదారియే దిక్కు. దీపము మిణుకుమిణుకు మనుచున్నను, ఇంజను దీపము తోడైనను, ఇక పరుగు మాని కార్ఖానాకు కొనిపోవుటే తగును. నూనె మార్చునపుడు తక్కువ బూడిదనిచ్చు రకమునే పోయింపవలయును. మసి కాలును గాని బూడిద కాలదు.

వడపోతను పెఱికివేసిన ఖర్చు తప్పునని చెప్పు మెకానికు లున్నారు. క్రొత్తది లక్ష రూపాయలు దాటుటయు గలదు గావున ఆ మాట తియ్యగానే యుండును. అది చట్టవిరుద్ధము, ఆ మసి వీథిలోని పసిబిడ్డల యూపిరితిత్తులలో చేరును.

మన యూరికి ప్రత్యేకముగా మఱియొక మాట. దూరమునుండి వచ్చిన కారు అడుగుభాగము మిక్కిలి వేడెక్కి యుండును. మసి కాలుచున్న సమయమైనచో చెప్పనక్కఱలేదు. పండుగనాటికి కళ్లములలో ఎండుగడ్డి, పెరళ్లలో కొబ్బరి కమ్మలు, పీచు పడియుండును. అల్లుని బండి యని గడ్డిమేటు నీడను నిలుపనీయకుడు. ఉత్తనేలమీద నిలిపించి, అడుగు చల్లారువఱకు పిల్లలను దూరముగా నుంచుడు.