తుపాకీ ఉన్న ఇంట్లో జాగ్రత్తలు



ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద కొంగలు, నీటికాకులు వాలితే రైతుకు కంటిమీద కునుకుండదు. టపాకాయలు పేల్చో, వలలు కట్టో తోలుకుంటాం. అక్కడక్కడా పెద్దాయన హయాంనాటి లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లూ ఉంటాయి. ఇవాళ్టి నాలుగు మాటలు వాళ్ల కోసం.

ముందుగా, ఆ పిట్టల మీద తుపాకీ ఎత్తకూడదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

రెండోది, లైసెన్సు పొలంలాగా వారసత్వంగా రాదు. పెద్దాయన పోతే తుపాకీని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో అప్పగించాలి. కావాలనుకున్న వారసుడు తన పేరిట దరఖాస్తు పెట్టుకోవాలి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో లైసెన్సు గడువు 5 ఏళ్లయింది. పెళ్లిళ్లలో సరదాకి పేల్చి ఎదుటివాళ్ల ప్రాణాల మీదికి తెస్తే, 2 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

ఇక ఇంట్లో సంగతి. తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట పెట్టి, రెండింటికీ తాళం వేయండి. తాళంచెవులు పిల్లలకు అందనివ్వకండి. మనది ఉప్పుగాలి తగిలే ఊరు. గోనెపట్టా చుట్టి అటకెక్కిస్తే గొట్టం లోపల తుప్పు పడుతుంది. అలాంటిది పేలిస్తే గొట్టమే చీలి, పట్టుకున్నవాడి చెయ్యి పోవచ్చు. తుడవబోయే ముందు లోపల తూటా లేదని కళ్లారా చూసుకోండి. ఎవరెంత చెప్పినా, చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ తూటా ఉందనే అనుకోండి.

తుపాకీ పోతే ఆలస్యం చేయకుండా స్టేషన్లో ఫిర్యాదు ఇవ్వండి. అవసరం తీరిపోయిందనుకుంటే అప్పగించేయడమే మేలు.