ఔత్సాహిక రేడియో కేంద్రము – దాని నిర్వహణ



గ్రంథాలయ రజతోత్సవమున రేడియో యంత్రముల ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. ఆలోచించి చూచినచో ఈ రెండింటికిని దగ్గర చుట్టరికమే కలదు. గ్రంథాలయమును, ఔత్సాహిక రేడియో క్లబ్బును జీతము లేని శ్రమతో నడచునవి. రెండింటికిని ఒక గది, ఒక బీరువా, ఒక చిట్టా పుస్తకము, చెప్పిన వేళకు తలుపు తీయు ఒక మనిషి కావలెను. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసిన నాటి నుండి ఊరూర పుస్తకశాలలను నిలిపినది ఆ తలుపు తీసిన ఓపికయే. ఓపిక చాలిన చోట పుస్తకములు బ్రతికినవి. చాలని చోట చెదల పాలైనవి. రేడియో కేంద్రము గతియు అంతియే.

ఆకాశవాణి పలుకగా వేలమంది విందురు. విన్నవారు తిరిగి పలుకుటకు వీలు లేదు. ఔత్సాహిక రేడియోలో ప్రతి శ్రోతయు వక్త కాగలడు. కేంద్ర ప్రభుత్వము జరుపు పరీక్షలో నెగ్గి, అనుమతి పత్రము పొంది, తమకు కేటాయించిన తరంగములపై, లాభాపేక్ష లేక, ప్రయోగము కొరకును స్నేహము కొరకును సంభాషించు వీరిని లోకము ‘హామ్’లని పిలుచును. వర్తకపు మాటలకు గాని, పాటల ప్రసారమునకు గాని ఇందు తావు లేదు. ఒక్కొక్కరికి ఒక సంకేతనామము ఉండును. భారతదేశపు నామములు సాధారణముగా వి.యు. అను అక్షరములతో మొదలగును. ప్రధానమంత్రిగా పనిచేసిన రాజీవ్ గాంధీ కూడ వి.యు.2ఆర్.జి. అను నామముతో ఈ కుటుంబమున చేరినవారే.

ఈ విద్య భారతదేశమున 1921లో కలకత్తా యందు అమరేంద్రచంద్ర గుప్తు, ముకుల్ బోస్ అను ఇరువురితో ఆరంభమైనది. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము రాగానే ప్రభుత్వము క్రొత్త అనుమతులను నిలిపి, ఉన్న ప్రసార యంత్రములను అప్పగింపుమని ఆజ్ఞాపించెను. స్వాతంత్ర్యానంతరము 1948లో మౌ పట్టణమున భారత ఔత్సాహికుల క్లబ్బు వెలసెను. తెలుగునాట 1983లో శ్రీ ఎస్. సూరి గారి కృషితో హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపితమై, ఎందరికో ఈ విద్యను నేర్పినది.

చేతిలో టెలిఫోను లేని మనిషి కనిపించని ఈ రోజులలో ఈ శ్రమ యెందులకని ప్రశ్నింపవచ్చును. కృష్ణా డెల్టా చరిత్రయే దీనికి సమాధానము. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము మచిలీపట్టణముపై విరుచుకొనిపడి సుమారు ముప్పదివేల ప్రాణములను బలిగొనెను. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తెను. తీగలు తెగినవి, స్తంభములు కూలినవి, దారులు మూసికొనిపోయినవి. ఎక్కడ ఎవరు మిగిలిరో, ఎవరికి మంచినీరు కావలెనో, ఎవరికి వైద్యుడు కావలెనో చెప్పుటకు నోరు లేక గ్రామములు మూగవోయినవి. 1990 మే నెలలో మరల తుపాను వచ్చినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ నగరమున అనేక పేటలు నీట మునిగినవి. సెల్ ఫోను స్తంభమునకును విద్యుత్తు కావలెను. విద్యుత్తు పోయినచో బ్యాటరీ ఉన్నంతవరకే దాని ఆయువు. చేతిలోని ఫోను చెడకున్నను అది అందుకొనవలసిన స్తంభము మూగవోవును. రెండు ఔత్సాహిక కేంద్రముల నడుమ అట్టి స్తంభము గాని, తీగ గాని అక్కరలేదు.

2004వ సంవత్సరపు ఉదంతము ఇందుకు సాక్ష్యము. ఆ డిసెంబరులో హైదరాబాదు సంస్థ తరఫున శ్రీమతి భారతీ ప్రసాద్ గారు తమ బృందముతో అండమాను దీవులకు వెళ్లి, పోర్టు బ్లెయిరులో కేంద్రము నెలకొల్పి, దేశదేశముల ఔత్సాహికులతో సంభాషించుచుండిరి. ఆ పని కేవలము వేడుక. డిసెంబరు 26 ఉదయమున భూమి కంపించెను, సునామీ వచ్చెను. ఆ వేడుక యంత్రమే ఆ క్షణము నుండి సహాయ యంత్రమైనది. దీవులలోనివారి క్షేమవార్తలు దాని ద్వారా ప్రధాన భూభాగమునకు చేరినవి. ఇక్కడ గమనింపవలసిన విషయమొకటి కలదు. ఆపద వచ్చిన పిదప ఆ యంత్రమును ఎవరును బీరువా నుండి తీయలేదు. అప్పటికే ఏరియల్ కట్టియున్నది, అప్పటికే మనుషులు దానిపై దినదినము పలుకుచున్నారు. అందుచేతనే అది పనికివచ్చినది.

ఇక గుణదల వంటి చోట క్లబ్బు కేంద్రమును నిలుపదలచినచో ఏమి కావలెనో చూతము. కొండ ఉన్నది గదా, దానిపై ఒక ఏరియల్ నెత్తిన డెల్టా అంతయు అందునని పలువురి ఊహ. ఇది సగము నిజము. 144 మెగాహెర్ట్జుల పొట్టి తరంగములు చూపు వలె తిన్నగా పోవును. ఏరియల్ 9 మీటర్ల ఎత్తున ఉన్నచో వాని దిగంతము 12 కిలోమీటర్లు; 100 మీటర్ల ఎత్తున ఉన్నచో 41 కిలోమీటర్లు. అవతలివాని 9 మీటర్ల ఏరియల్‌ను కలుపుకొన్నను 53 కిలోమీటర్లు దాటదు. అవనిగడ్డ గుణదలకు తిన్నగా సుమారు 60 కిలోమీటర్ల దూరము. నగరమునకు, చుట్టుపట్ల గ్రామములకు ఈ తరంగము చక్కగా చాలును. ఉప్పెన వచ్చు సముద్రతీరమునకు మాత్రము దీనిని నమ్ముకొనరాదు.

తీరమునకు 7 మెగాహెర్ట్జుల తరంగము కావలెను. ఇది ఆకాశమునకు ఎగసి, పైనున్న విద్యుదావేశపు పొరను తాకి, మరల నేలకు దిగును. దీని ఏరియల్ చవుక: రెండు రాగి తీగలు, ఒక్కొక్కటి 10 మీటర్లు, నడుమ ఒక కేబులు. దగ్గర ఊళ్లతో పలుకుటకు దీనిని మిక్కిలి ఎత్తున కట్టనక్కరలేదు. ఆరేడు మీటర్ల ఎత్తున రెండు చెట్లకు కట్టినను చాలును. అపుడు తరంగము నిట్టనిలువుగా పోయి గొడుగు వలె చుట్టును పడును. రాత్రివేళ ఈ తరంగము దగ్గర ఊళ్లను దాటి దూరమున పడుట కద్దు, అందుకొరకు 3.5 మెగాహెర్ట్జులపై పనిచేయు పొడవైన తీగను కూడ సిద్ధముగా ఉంచవలెను. ఏలూరు రైలు మార్గపు విద్యుత్తు తీగలు గుణదల మీదుగనే పోవుచున్నవి. కావున స్థలమును నిర్ణయించుటకు ముందు, బ్యాటరీతో నడచు రిసీవరును తీసికొనిపోయి, ఉదయము, మధ్యాహ్నము, రాత్రి మూడు వేళలను విని, రొద తక్కువగా ఉన్న చోటు నెంచుకొనవలెను.

యంత్రమునకు ప్రాణము బ్యాటరీ. 100 వాట్ల ప్రసారిణి 13.8 వోల్టులపై నడచును. గట్టిగా పలుకునపుడు 20 ఆంపియర్ల వరకు పీల్చును, వినునపుడు ఒక ఆంపియరు చాలును. 100 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీ ఉన్నదనుకొందురు. దాని శక్తిలో సగమే వాడుట క్షేమము, అనగా 50. గంటకు అయిదు నిమిషములు సగటున 10 ఆంపియర్లతో పలికి, మిగిలిన కాలము విన్నచో గంటకు సుమారు 1.75 ఆంపియరు-గంటలు ఖర్చగును. ఆ లెక్కన 28 గంటలు, అనగా ఒక పగలును ఒక రాత్రియు దాటి, కేంద్రము నిలుచును. గంటకు అరగంట పలికినచో పది గంటలైనను నిలువదు. కనుక తుపాను నాడు మితభాషిత్వము మర్యాద మాత్రమే కాదు, ఆయుర్దాయము కూడ.

కొనుట ఒకనాటి పని. కాపాడుట ఏండ్ల పని. వారమునకొకసారి కరెంటును ఆపి, బ్యాటరీపై గంటసేపు కేంద్రమును నడుపవలెను. నెలకొకసారి బ్యాటరీ అరలలో పరిశుద్ధ జలము చూచి నింపవలెను. కొళాయి నీరు పోయరాదు. ఏరియల్ నుండి తిరిగివచ్చు శక్తిని కొలుచు మీటరును చూచి, ఆ అంకెను గోడపై వ్రాయవలెను. నిన్న 1.3 ఉన్నది నేడు 2.5 అయినచో కేబులులో నీరు దిగినట్లో, ఎలుక కొరికినట్లో ఎరుగవలెను. వానకాలమునకు ముందు కీళ్లన్నిటిని విప్పి, చిలుము తుడిచి, మరల బిగించి, నీరు చొరని పట్టీ చుట్టవలెను. ఉరుము వినబడినచో ఏరియల్‌ను యంత్రము నుండి విడదీసి భూమికి కలుపవలెను. పుస్తకములకు చెద ఎట్టిదో రేడియోకు చిలుము అట్టిది. రెండును తలుపు మూసియున్న గదిలోనే పెరుగును.

మనుషుల విషయము యంత్రము కంటె ముఖ్యము. క్లబ్బు కేంద్రమునకు అనుమతి గల ఒక ఔత్సాహికుడు బాధ్యుడుగా ఉండవలెను. పరీక్ష వ్రాయుటకు 12 సంవత్సరములు నిండినచో చాలును గనుక బడిపిల్లలను కూడ సిద్ధపరుపవచ్చును. అనుమతి లేనివారు వినవచ్చును, చిట్టా వ్రాయవచ్చును, తీగలు కట్టవచ్చును. మైకు మీట మాత్రము వారు నొక్కరాదు. ఆపద నాడు ఒక్కడే అన్నియు తెలిసినవాడుండి, అతడు ఊరిలో లేకున్నచో, కేంద్రము ఉండియు లేనట్లే. నలుగురైనను పని తెలిసినవారు ఉండవలెను.

చిట్టాలో తేది, వేళ, అవతలివారి సంకేతనామము, తరంగము, వినికిడి కొలత వ్రాయవలెను. వేళను ప్రపంచ కాలమానమున వ్రాయుట ఆచారము. ఇచ్చట రాత్రి 8.30 అయినపుడు చిట్టాలో 15.00 అగును. సందేశమును నోటిమాటగా పంపరాదు. కాగితముపై వ్రాసి, పదములు లెక్కించి, చదివి, అవతలివానిచేత తిరిగి చదివించుకొనవలెను. దీని విలువ కృష్ణాతీరమున ఒక్క ఉదాహరణతో తెలియును. పెనుమాక ఉండవల్లి వద్ద ఉన్నది; పెనుమూడి రేపల్లె వద్ద ఉన్నది. రొద నడుమ ఈ రెండు పేర్లు ఒక్కటే వినబడును. ‘పెనుమూడికి పడవలు పంపుడు’ అన్న మాట పెనుమాకగా వినబడినచో పడవలు నదికి ఎగువనే నిలిచిపోవును. అక్షరమక్షరము పలికి సరిచూచుకొనుటకు అరనిమిషము పట్టును. ఆ అరనిమిషముపై ప్రాణములు ఆధారపడియుండును.

దినమును వేళయు నిర్ణయించుకొని, వారమునకొక రాత్రియైనను చుట్టుపట్ల కేంద్రములన్నియు ఒక తరంగముపై కలిసికొనవలెను. ఒకరు పెద్దగా ఉండి ఒక్కొక్కరిని వరుసగా పిలువవలెను. చెప్పుటకు వార్త లేకున్నను హాజరు పలుకవలెను. ఈ హాజరులో ఎవరి గొంతు సన్నగిల్లినదో, ఎవరి ఏరియల్ చెడినదో తుపాను లేని నాడే తెలిసిపోవును.

చివరగా ఒక్క హెచ్చరిక. ఉత్సాహముతో యంత్రము కొని, ప్రారంభోత్సవము జరిపి, పూలదండ వాడకముందే తాళము వేసిన కేంద్రము అసలే లేని కేంద్రము కంటె హానికరము. లేని ఊరు వేరొక ఉపాయము వెదకుకొనును; ఉన్నదనుకొన్న ఊరు దానినే నమ్ముకొని కూర్చుండును. నమ్మిన రాత్రి బ్యాటరీ ఎండియుండును. కనుక చందాల పట్టీ వ్రాయునపుడు యంత్రపు ధర కెదురుగా ఏటేటి మరమ్మతుకు ఒక పద్దును, వారము వారము తలుపు తీయువారి పేర్లకు ఒక పద్దును ముందే వ్రాయుట మంచిది. రెండవ పద్దు నిండనిచో మొదటి పద్దు జోలికి పోకుండుటయే మేలు.

ఇరువదియైదు సంవత్సరములు సాయంకాలము తప్పక తలుపు తీసిన గ్రంథాలయము ఉన్న ఊరిలో ఆ రెండవ పద్దు నిండుట కష్టము కాదు. పుస్తకముల బీరువా ప్రక్కన ఒక బల్ల, ఒక కిటికీ, ఆ కిటికీ నుండి చెట్టు మీదికి పోవు ఒక రాగి తీగ. ఆరంభమునకు ఇంతకంటె ఎక్కువ అక్కరలేదు. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి దాని చిట్టాలలో పుస్తకముల పద్దులతో పాటు కేంద్రముల పేర్లు కూడ ఏ వారమును తప్పక నిండియుండుగాక.