మన చెరువు కట్ట మీద రెండు రోజులు

 

సంఘం వాళ్ళు నన్ను మన సంస్కృతి గురించి మాట్లాడమన్నారు. ఆ మాట మీద మీరు ఈ పొద్దున్నుంచి ఇప్పటికే నలుగురిని విన్నారు. నేను చేపలు పట్టడం గురించి మాట్లాడతాను. నవ్వకండి. మొన్న సెలవుల్లో మన పిల్లలు కొందరు అప్పు చేసి గోవా పోయొచ్చారు. వచ్చాక మూడు నెలలు ఆ అప్పు కట్టారు. పోవద్దని నేను అనను, సముద్రం చూడాలని ఎవరికి ఉండదు? కానీ వరంగల్ నుంచి గంటన్నర, రెండు గంటల దూరంలో పాకాల ఉంది, రామప్ప ఉంది, లక్నవరం ఉంది. వాటి చుట్టూ పేరు కూడా బయటికి తెలియని ఊరి చెరువులు, కుంటలు, వాగులు వందల్లో ఉన్నాయి. అక్కడ రెండు రోజులు ఉండి, గాలం వేసి, పట్టింది వండుకుని తిని రావడం ఎట్లానో మనలో చాలామందికి తెలియదు. మన తాతలకు తెలుసు. ఆ తెలివి మీ దాకా రాకుండా మధ్యలో మా తరం దగ్గర ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో మా ఇంటి సంగతి చెబుతాను. నేను ఇంటర్మీడియట్ చదివేటప్పుడు మా పెదనాన్న కొడుకు, మా అన్న, దోస్తులతో చెరువుకు పోయాడు. పంతొమ్మిదేళ్ళు. ఈత వచ్చు. గాలం తామర తూళ్ళలో చిక్కుకుంది. దాన్ని విడిపించుకుందామని దిగాడు. అడుగున తూళ్ళు కాళ్ళకు చుట్టుకున్నాయి. ఒడ్డున ఉన్న ముగ్గురిలో ఒకడు వెంటనే దూకాడు, వాడినీ బయటికి లాగాల్సి వచ్చింది. అన్న దొరికేసరికి పొద్దు గూకింది. ఆ గాలం ధర ఆనాడు రెండు రూపాయలు. ఆ తర్వాత మా ఇంట్లో మగపిల్లలెవరినీ చెరువు దిక్కు పోనీయలేదు. మా తాత తన గాలం కర్రలు పొయ్యిలో పెట్టాడు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇట్లాంటి కథ ఒకటి ఉంటుంది, అడిగి చూడండి.

తాత చేసింది తప్పని అనలేను. కానీ పోనీయకపోతే పిల్లలు పోకుండా ఉన్నారా? చెప్పకుండా పోతున్నారు. నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ వెంట లేకుండా పోతున్నారు. అందుకే నేను చెప్పి పోదాం అంటున్నాను, ముందుగా అనుకుని పోదాం అంటున్నాను.

ముందు ఎప్పుడు అన్న సంగతి. ఈరోజు ఆగస్టు 9. చెరువులు నిండుతున్నాయి, కొన్ని మత్తడి దుంకుతున్నాయి. మత్తడి దగ్గర చేపలు ఎదురెక్కుతుంటాయి, చేత్తో పట్టుకోవచ్చు, ఫోన్లో వీడియో బాగా వస్తుంది. సరిగ్గా ఇప్పుడే పోవద్దు. మొదటిది, మత్తడి రాళ్ళ మీద పాచి ఉంటుంది, కింద నీళ్ళ గుంజుడు ఉంటుంది, మోకాలి లోతు నీళ్ళు కూడా మనిషిని పడేస్తాయి. రెండోది, ఇది చేప గుడ్డు పెట్టే కాలం. ఎదురెక్కే చేప కడుపు నిండా గుడ్లతో ఉంటుంది. కొర్రమట్టను చూడండి, 2016 నుంచి అది మన రాష్ట్ర చేప. తల్లీ తండ్రీ రెండూ పిల్లల గుంపును కాస్తూ తిరుగుతాయి. నీళ్ళ మీద ఎర్రగా చిన్న పిల్లల గుంపు మసలుతుంటే కింద పెద్ద చేప ఉన్నట్టు లెక్క. దాన్ని పడితే మీకు ఒక పూట కూర. ఆ గుంపు మాత్రం మిగతా చేపల పాలవుతుంది.

దసరాకు కూడా చెరువులు నిండుగానే ఉంటాయి. నన్నడిగితే మాఘం దాటినంక మొదలుపెట్టి మృగశిర కార్తె దాకా పోవచ్చు. నీళ్ళు తగ్గి ఒడ్డు బయటపడుతుంది, ఎక్కడ లోతో ఎక్కడ మెరకో కంటికి కనిపిస్తుంది. మృగశిర నాడు ఎట్లాగూ ప్రతి ఇంట్లో చేప కూర ఉండాల్సిందే. హాస్టళ్ళు, కాలేజీలు తెరిచేది కూడా దాదాపు అప్పుడే. మే నెల చివరి వారం అనుకోండి.

ఇక ఎక్కడ? ఇక్కడ కొంచెం నిదానంగా వినాలి. పాకాల చెరువు గణపతిదేవుని కాలంలో, 1213 ప్రాంతంలో కట్టింది. పోయి చూడండి, కట్ట మీద నడవండి. కానీ అది అభయారణ్యంలో ఉంది. 1952 నుంచీ అభయారణ్యమే. అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా గాలం వేస్తే కేసు అవుతుంది. పైగా అందులో మొసళ్ళున్నాయి. కాబట్టి పాకాల చూడటానికి, చేపలు పట్టడానికి పక్క ఊరి చెరువు. లక్నవరానికి వేలాడే వంతెన చూడటానికి జనం ఎప్పుడూ వస్తూనే ఉంటారు, గాలం వేయడానికి అది చోటు కాదు. గోదావరి దిక్కు, ఏటూరునాగారం, మంగపేట వైపు, తెలిసిన మనిషి లేకుండా అసలే వద్దు. నది సంగతి వేరు.

ఊరి చెరువయినా ఎవరిదీ కాదనుకోకండి. చాలా చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘానికి ఉంటుంది. బొచ్చె, రవ్వ నిలవ నీళ్ళలో గుడ్లు పెట్టవు, పారే ఏరు కావాలి వాటికి. అంటే చెరువులో మీ గాలానికి పడ్డ బొచ్చె ఎవరో పిల్లగా తెచ్చి వదిలిందే. చెప్పకుండా పడితే అది వాళ్ళ పంట కోసుకున్నట్టు. సంఘం అధ్యక్షుడిని కలిసి, "మేము ఎనిమిది మందిమి, రెండు రోజులు, గాలాలే తప్ప వలలు లేవు" అని చెప్పండి. నేను అడిగిన చోట ఎవరూ కాదనలేదు. ఒకచోట ఆ పెద్దాయనే వచ్చి ఎక్కడ కూర్చోవాలో చూపించి, మేము కట్టిన ముడి చూసి నవ్వి, విప్పి మళ్ళీ కట్టిచ్చాడు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో ఉన్నవాళ్ళు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. 1996 పెసా చట్టం చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీల చేతికిచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్‌లో సామూహిక హక్కుల కింద చేపల మాట, నీటి వనరుల ఉత్పత్తుల మాట స్పష్టంగా రాసి ఉంది. పోడు పట్టా గురించి మన ఊళ్ళల్లో అందరికీ తెలుసు. చేప మీద కూడా సామూహిక హక్కు అడగొచ్చని ఎంతమందికి తెలుసు? మీ గ్రామసభ ఆ హక్కు కోసం దరఖాస్తు పెట్టిందా, లేదా? సెలవుకు పోయినప్పుడు ఆ ఊరి పెద్దలను ఈ ఒక్క ప్రశ్న అడిగి రండి. డిగ్రీ చదివే పిల్లలు ఆ కాగితాలు రాసిపెట్టగలరు.

సామాను తక్కువే. సన్నటి వెదురు కంక, నైలాన్ దారం, చిన్న గాలాలు పది, కొంచెం సీసం, జొన్న బెండు. తలా వంద రూపాయలు కూడా కాదు. ఎరకు చెరువు వెనక తడి నేలలో ఎర్రలు తవ్వుకోవచ్చు, లేదంటే తవుడు ముద్ద. ఎర్రకు జెల్లలు, పరకలు బాగా వస్తాయి. తవుడు ముద్దకు రవ్వ, బంగారుతీగ. కొర్రమట్టకు చిన్న కప్పను కడతారు మనోళ్ళు, నాకు మాత్రం ఆ పని చేతకాదు. జెల్లను గాలం నుంచి తీసేటప్పుడు జాగ్రత్త, వీపు మీద ఒకటి, పక్కలకు రెండు ముళ్ళుంటాయి, గుచ్చుకుంటే చెయ్యి వాచి రాత్రంతా నిద్ర ఉండదు.

ఇంకో మాట. తోటా పేల్చడం, మందు కలపడం, కరెంటు తీగ వేయడం. ఇవి చేసేవాళ్ళు మనలోనూ ఉన్నారు, దాచుకోవద్దు. తోటాలు, విషం నేరమని 1897 చట్టంలోనే ఉంది. కరెంటు అయితే చేప కంటే ముందు మనిషినే తీసుకుపోతుంది. మన పాతకాలం వాళ్ళు కూడా ఎండాకాలం వాగు మడుగుల్లో మంగ కాయలు దంచి కలిపేవాళ్ళు. అది కూడా మన ఆచారమే కదా అని ఒక అబ్బాయి నన్ను అడిగాడు. అవును, ఆచారమే. అప్పుడు వాగులో మడుగులు ఎన్నో, మనుషులు కొద్ది. ఇప్పుడు ఒకే మడుగు, దాంట్లోనే ఊరి పశువులన్నీ తాగాలి. పెద్దలు చేసిందంతా మనమూ చేయాలని నేను చెప్పను.

ఆడపిల్లలకు చెప్పాలి. గాలం మగపిల్లల ఆట అనుకుంటారు. మా అమ్మమ్మ పాత చీర రెండు కొసలు తాను, రెండు కొసలు మా అమ్మ పట్టుకుని, మడమ లోతు వాగు నీళ్ళలో నడిచి గంటలో గిన్నెడు పరకలు తెచ్చేది. ఊత వేయడంలో ఆమెను మించిన మగవాళ్ళు ఊళ్ళో లేరు. ఏ రాయి కింద ఏ చేప ఉంటుందో, ఏ నెలలో ఏది రుచిగా ఉంటుందో ఆమెకు తెలుసు. ఆమె మన భాషలో చెప్పిన చేపల పేర్లు నాకు ఇప్పుడు సగం గుర్తులేవు. రాసుకోలేదు. మీరు ఫోన్ తీసుకుపోతారు కదా, సెల్ఫీ దిగాక ఒక పెద్దమ్మ దగ్గర కూర్చుని ఆ పేర్లు రికార్డు చేయండి. వాళ్ళనూ చెరువు దగ్గరికి వెంట తీసుకుపోండి. ఎనిమిది మంది పిల్లల వెంట ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటే బాగుంటుంది.

రోజు ఎట్లా గడుస్తుందంటే, మొదటిరోజు సాయంత్రానికి చుట్టాల ఊరు చేరండి, సంఘం పెద్దను కలవండి, వెలుగుండగానే చెరువు చూసి రండి. పశువులు కాసేవాళ్ళను అడగండి, ఎక్కడ మట్టి తవ్విన గుంతలున్నాయో వాళ్ళకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మిషన్లతో మట్టి తవ్వినచోట రెండడుగుల నీళ్ళ పక్కనే పదడుగుల గుంత ఉంటుంది. రెండోరోజు తెల్లవారి ఐదున్నర నుంచి తొమ్మిది దాకా గాలం. ఎండ ముదిరినంక చేపా తినదు, మీరూ ఉండలేరు. మధ్యాహ్నం వంట, నిద్ర. నాలుగు నుంచి ఆరు దాకా మళ్ళీ. చీకటి పడ్డాక గట్టు మీద ఎవరూ ఉండొద్దు, పాములు తిరుగుతాయి. మందు సీసాలు తెచ్చేవాళ్ళను ఇంటి దగ్గరే ఆపండి. ఈ ఒక్క విషయంలో నేను మాట వినే రకం కాదు.

నాది వార్డెన్ బుద్ధి, ఎక్కడికి పోయినా తలలు లెక్కపెడతాను. మీరూ జతలు కట్టుకోండి, గంటకోసారి లెక్క చూసుకోండి. ఇరవై లీటర్ల ఖాళీ నీళ్ళ క్యాను మూత బిగించి, మెడకు ఇరవై మీటర్ల తాడు కట్టి గట్టు మీద పెట్టండి. ఎవరైనా జారితే దూకకండి. క్యాను విసరండి, తాడు గుంజండి, అరవండి, 108కి ఫోన్ చేయండి. మా అన్న వెంట పోయిన ముగ్గురి దగ్గర తాడు లేదు. గాలం చిక్కుకుంటే దారం తెంపండి. అందుకే గాలాలు పది కొనమన్నాను.

వంట సంగతి అమ్మలకు వదిలేస్తాను, నా చింతపండు పులుసు మీద మా ఇంట్లోనే ఏకాభిప్రాయం లేదు. చిన్న పరకలను మాత్రం పులుసులో వేయకండి, పసుపు, ఉప్పు, కారం పట్టించి మోదుగ ఆకులో చుట్టి నిప్పుల మీద కాల్చండి. పొలుసులు, పేగులు నీళ్ళలో పడేయకుండా గుంత తీసి పూడ్చండి. వచ్చేటప్పుడు దారం ముక్కలు ఏరుకుని రండి, పక్షుల కాళ్ళకు చుట్టుకుంటాయి.

మే నెల సెలవులకు మొదటి జట్టు పోదామని అనుకుంటున్నాం. పేర్లు ఇవ్వాలనుకునేవాళ్ళు సభ అయ్యాక సంఘం కార్యదర్శి దగ్గర రాయించండి. ఈత వచ్చా రాదా అన్నది పేరు పక్కన నిజం రాయండి. ఇంట్లో చెప్పారా లేదా అన్నది కూడా. నేను ఫోన్ చేసి అడుగుతాను. జోహార్.