నవలయు తరగతిగదియు



2018లో అమెరికాలోని డులూత్ నగర పాఠశాలలు హార్పర్ లీ 1960లో ప్రకటించిన 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్'ను, మార్క్ ట్వేన్ 'హకిల్‌బెరీ ఫిన్'ను నిర్బంధ పఠనమునుండి తొలగించినవి. గ్రంథాలయములలో మాత్రము ఉంచినవి. వానిలోని జాతినింద నల్లజాతి బాలలను నొప్పించుననుట కారణము.

ఆ బాధ యథార్థము. తన జాతిని దూషించు మాటను గురువు పైకి చదువుచుండ, తోటివారు తనవైపు చూచుచుండ, ఏ బాలుడు పాఠము వినగలడు? అయినను గ్రంథమును దాచినంతనే జాతిద్వేషము నశింపదు. ఆ నిందాపదమును ఉచ్చరింపకయే దాని చరిత్రను బోధింపవచ్చును.

మాకింగ్‌బర్డ్‌లో నిరపరాధియైన టామ్ రాబిన్‌సన్ కథను చెప్పునది శ్వేతజాతి బాలిక. కావున దాని సరసను, బానిసత్వమును స్వయముగా అనుభవించిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రకటించిన స్వీయచరిత్రను చదివింపవలెను. బాధితుని గొంతు వినిపింపని న్యాయపాఠము సగము పాఠమే గదా!