ఉటంకింపుల లెక్క, తల్లుల లెక్క
యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం, శింగనమల



సుబ్బారావుగారి జీవితకథ మీలో చాలామందికి తెలుసు. అందుకే ఈరోజు ఆయన వ్యాసాల కథ చెబుతాను. ఒక పరిశోధకుడు ఎన్ని వ్యాసాలు ప్రచురించాడు, వాటిని ఎందరు ఉటంకించారు అన్నదాన్ని బట్టే ఇప్పుడు పదోన్నతులు, నిధులు నిర్ణయమవుతున్నాయి. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన హెచ్-సూచిక ఒక మనిషి శ్రమనంతా ఒక్క అంకెలో చెబుతుంది. గర్భిణుల వైద్యంలో ఆ అంకె ఏది చూపిస్తుంది, ఏది చూపించలేదు అన్నదే నా విషయం.

1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు 1925లో, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తంలోను మూత్రంలోను ఫాస్ఫరస్‌ను రంగును బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది జీవరసాయన ప్రయోగశాలలన్నిటికీ చేరింది. దశాబ్దాల తరబడి పరిశోధకులు ఆ వ్యాసాన్ని ఉటంకిస్తూనే వచ్చారు. అదే ప్రయోగశాలలో ఆయన చేసిన మరికొంత పనికి ఆ భాగ్యం లేదు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులు అప్పట్లో వెలుగు చూడకపోవడంతో ఇతరులు వాటిని మళ్లీ కనుక్కోవలసి వచ్చిందని, అక్కడే పనిచేసి తరవాత నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ చెప్పారు. ప్రచురణ కాని పని ఏ లెక్కలోకీ రాదు. దానివల్ల జరిగే మేలు కూడా ఆలస్యమవుతుంది.

ఇక తల్లుల విషయం. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భిణుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనతను పరిశీలించారు. ఈస్టు సారం ఇస్తే వాళ్లు కోలుకుంటున్నారని 1931లో ప్రచురించారు. ఆ సారంలో పనిచేసే పదార్థమేమిటో అప్పటికి తెలియదు. అది ఫోలిక్ ఆమ్లమని తరవాత తేలింది. 1945లో లెడర్లే అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సైన్స్ పత్రికలో వచ్చిన ఆ వ్యాసంలో రచయితల పేర్లు చాలా ఉన్నాయి. వాటిలో సుబ్బారావు పేరు మధ్యలో ఎక్కడో ఉంది.

ఆయన 1948లో కన్నుమూశారు. ఆ పరిశోధన అక్కడితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసేలా లెడర్లేలో తయారైన మెథోట్రెక్సేట్‌తో 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ మాయ కణాల నుంచి పుట్టే కోరియోకార్సినోమా అనే క్యాన్సర్‌ను నయం చేశారు. గర్భసంచి బయట నిలిచిన గర్భానికి కొన్ని సందర్భాల్లో ఆపరేషన్ లేకుండా చికిత్స చేయడానికి వాడేదీ ఇదే మందు. 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం మరో సంగతి తేల్చింది. అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం మళ్లీ వచ్చే అవకాశం 72 శాతం తగ్గింది.

'ముందు నుంచే' అన్న మాట దగ్గర ఆగుదాం. పిండంలో మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం గర్భం నిలిచిన సుమారు 28 రోజులకే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది ఆడవాళ్లకు తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. మన ప్రభుత్వ కార్యక్రమంలో మొదటి మూడు నెలలు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం, నాలుగో నెల నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్ర రోజుకొకటి, 180 రోజులు ఇస్తున్నాం. వానలు లేక వేరుశనగ ఎండితే బెంగళూరు పనులకు వలసపోయే కుటుంబంలో, గర్భిణి పేరు నమోదయ్యేసరికే ఆ 28 రోజులు దాటిపోతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. వ్యాసాలు వేల ఉటంకింపులు పొందిన విషయంలోనే మన తల్లుల పరిస్థితి ఇది.

వ్యాసాలు లేకపోతే ఏమవుతుందో కలకత్తా చెబుతుంది. 1978 అక్టోబరు 3న, ప్రపంచంలో మొదటి పరీక్షనాళికా శిశువు లూయీ బ్రౌన్ పుట్టిన పది వారాలకు, డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో పరీక్షనాళికా శిశువు దుర్గ పుట్టింది. ప్రభుత్వ కమిటీ ఆయన మాట నమ్మలేదు. పెద్ద పత్రికల్లో వివరంగా ప్రచురించే అవకాశం ఆయనకు దొరకలేదు. 1981లో ఆత్మహత్య చేసుకున్నారు. 1986లో పుట్టిన హర్షను చాలాకాలం దేశంలో మొదటి పరీక్షనాళికా శిశువుగా చెప్పుకునేవాళ్లం. ఆ పనికి నాయకుడైన డాక్టర్ టి.సి. ఆనంద్‌కుమార్, ముఖోపాధ్యాయ రాతప్రతులు చదివి, మొదటి ఘనత ఆయనదేనని 1997లో బహిరంగంగా ఒప్పుకున్నారు. ఆ రాతప్రతులు మిగలకపోతే న్యాయం జరిగేదే కాదు. తన ఘనతను వదులుకుని ఆనంద్‌కుమార్ చేసిన ఆ ఉటంకింపు విలువను ఏ సూచికా కొలవలేదు.

రాయడం పట్నం వాళ్ల పని అనుకోవద్దు. మన పక్కనున్న బత్తలపల్లిలో ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి వైద్యులు విన్సెంట్ ఫెర్రర్ హెచ్ఐవీ అధ్యయనం పేరిట ఉమ్మడి అనంతపురం జిల్లా రోగుల వివరాలను క్రమంగా నమోదు చేశారు. గ్రామీణ గర్భిణుల్లో హెచ్ఐవీ గురించి 2010 దశకంలో అంతర్జాతీయ పత్రికల్లో ప్రచురించారు. కరువు సీమ తల్లుల వివరాలు ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఇక్కడి రిజిస్టర్ల నుంచే వెళ్లాయి.

వైద్య విద్యార్థులారా, మీ మొదటి వ్యాసం ఈ మండలం గురించి రాయండి. పెళ్లయిన అమ్మాయికి ఫోలిక్ మాత్ర ఎన్నో వారంలో చేరుతోంది, వలసపోయిన ఇంట్లో ఎందుకు ఆగిపోతోంది అన్నది లెక్కగట్టండి. ఫలితం అనుకున్నట్టు రాకపోయినా దాచకుండా ప్రచురించండి. వివరాలు సేకరించిన ఏఎన్ఎం పేరు రచయితల వరసలో చేర్చండి. అచ్చయ్యాక ఆ వ్యాస సారాంశం తెలుగులో గ్రామసభకు చదివి వినిపించండి.